అమ్మ చేతికి బోటాక్స్ వేద్దామంటున్నారు, రక్తనాళాలకీ దానికీ ఏం సంబంధం?

మంగళం_బస్టాపు:
అందరికీ నమస్తే, పెద్ద పోస్టు, ఓపిక చేసుకోని చదవండి. మా అమ్మకి 58 ఏండ్లు. చలి తగిలితే చాలు చేతివేళ్లు కొసల నుంచి తెల్లగా పాలిపోతాయి, ఎక్కడిదాకా తెలుపు ఎక్కడినుంచి మామూలు రంగు అనేది గీత గీసి చూపియ్యొచ్చు, కాసేపటికి నీలం తిరుగుతాయి, మళ్లా వెచ్చబడేటప్పుడు ఎర్రగా కంది ఒకటే మంట అంటాది. ఫ్రిజ్‌లోంచి పాలప్యాకెట్టు తీసినా అంతే. వేలూరు పొయ్యి చూపిస్తే రేనో అన్నారు, టెస్టులన్నీ చేసి దాని వెనకాల స్క్లెరోడెర్మా (చర్మం గట్టిపడే జబ్బు) ఉండాదని తేల్చినారు. ఇప్పుడు కుడిచేతి చూపుడువేలి కొసన చిన్న పుండు పడింది, మానడంలా. రక్తనాళాలు వదులయ్యేదానికి నిఫెడిపిన్ మాత్ర వాడతా ఉన్నాం కానీ బీపీ పడిపోయి తల తిరుగుతాందని డోసు పెంచలేకుండా ఉన్నారు. మొన్న పోయినప్పుడు డాక్టరు అరచేతిలో బోటాక్స్ ఇంజెక్షన్ అనేది ఒకటి ఉండాది, ఆలోచించుకోండి అన్నారు. మా అమ్మ బయటికొచ్చినాక "ఈ వయసులో నాకు ముడతల మందు ఎందుకు నాయనా, ఎవరన్నా వింటే నవ్వుతారు" అనింది. నిజం చెప్పాలంటే నాకూ అర్థం కాలా. డాక్టరు దగ్గర వెనకాల ఇంకో ముప్పై మంది లైన్లో ఉన్నారు, అడగలేకపోయినా. ఎవరికన్నా తెలిస్తే చెప్పండి.

లీలామహల్_సెంటర్:
అన్నా భయం ఏం లేదు, మా సెలూన్లో వారానికి పదిమందికి బోటాక్స్ చేస్తాం, జుట్టుకి. ఎవరికీ ఏం కాలేదు. జుట్టు సిల్కుగా అవుతాది అంతే.

బైరాగిపట్టెడ_ఫార్మా:
లీలామహల్ అన్నా, మీరు చేసే "హెయిర్ బోటాక్స్"లో బోటాక్స్ చుక్క కూడా ఉండదు. అది కెరాటిన్, నూనెలు, కండిషనర్లు కలిపిన క్రీము, పేరు మాత్రం అమ్ముడుపోడానికి పెట్టుకున్నారు. అసలు బోటాక్స్ ప్రిస్క్రిప్షన్ మందు, 2 నుంచి 8 డిగ్రీల చలిలో దాచాల్సిన పొడి, సెలైన్‌లో కలిపి ఇన్సులిన్ సూది లాంటి సన్న సూదితో కండలోకి ఎక్కిస్తారు. జుట్టు చచ్చిన పదార్థం, దానికి నరం లేదు కండ లేదు, ఆ మందుకి అక్కడ పనేముంటాది. ఆయన అమ్మగారి వేలికి పుండు పడి అడుగుతా ఉంటే సెలూన్ గోల ఎందుకబ్బా.

లీలామహల్_సెంటర్:
సరేలే అన్నా, డబ్బా మీద పేరు అట్లా ఉండాది మరి. నేనేమన్నా తయారుచేసినానా.

ఎయిర్‌బైపాస్_రోడ్డు:
నేను మాత్రం జాగ్రత్త అనే చెప్తా. మా చెల్లి పెండ్లికి ముందు నుదుటి గీతలు పోవాలని ఊళ్లో ఒక చోట వేయించుకున్నాను, పేరు చెప్పను. వేసినామె డాక్టరో కాదో కూడా నేను అడగలేదు, తెల్ల కోటు ఉండాది అంతే. సీసా చూపించలేదు. వారం తిరక్కుండా ఎడమ కంటిరెప్ప కిందికి జారిపోయింది, ఫోటోలన్నింటిలో ఒక కన్ను సగం మూసుకోనే ఉన్నా. మా పెద్దమ్మ పక్షవాతమేమో అని ఏడ్చింది. కంటి డాక్టరు దగ్గరికి పోతే చుక్కలు ఇచ్చి, అదే తగ్గుతాది ఆగమ్మా అన్నారు, తగ్గడానికి వారాలు పట్టింది. వేసిన చోటుకి పోయి అడిగితే "మీరు రుద్దినారేమో" అన్నారు. ఇంకేం మాట్లాడతాం వాళ్లతో.

కరకంబాడి_మామ:
విషం విషమే. టాక్సిన్ అంటేనే విషం కదా, దాన్ని అరచేతిలో వేసుకోడమేంది. పసుపు, వేపాకు పెట్టి కట్టండి పుండు మానతాది.

బైరాగిపట్టెడ_ఫార్మా:
మామా, విషమే, కాదనేవాళ్లు ఎవరూ లేరు. క్లాస్ట్రిడియం బాట్యులినమ్ అనే బ్యాక్టీరియా తయారుచేసేది. జర్మనీలో 1820ల్లో జస్టినస్ కెర్నర్ అని ఒక డాక్టరు, కవి కూడా, పాడైన సాసేజీలు తిని కండలు చచ్చుబడిపోయిన వాళ్ల కేసులన్నీ రాసిపెట్టి, ఇదే పదార్థం చిన్న మోతాదులో మందుగా పనికిరావచ్చు అని అప్పుడే రాసినాడు. 1895లో బెల్జియంలో ఒక పల్లెలో చావు దగ్గర పాటలు వాయించిన బ్యాండువాళ్లు పంది తొడమాంసం తిని పడిపోతే వాన్ ఎర్మెంగెం అనే ఆయన ఆ మాంసంలోంచి ఈ సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. మందుగా మార్చింది శాన్‌ఫ్రాన్సిస్కో కంటి డాక్టరు అలన్ స్కాట్, మెల్లకన్నుకి. అమెరికాలో మందులకి అనుమతి ఇచ్చే ఎఫ్‌డీఏ 1989లో మొదట ఒప్పుకుంది మెల్లకన్నుకీ, రెప్పలు ఊరికే కొట్టుకునే జబ్బుకీ. ముడతల సంగతి వెనక వచ్చింది. కెనడాలో కరూథర్స్ అనే మొగుడూపెళ్లాలు, ఆమె కంటి డాక్టరు ఆయన చర్మం డాక్టరు, రెప్పలకి వేయించుకున్న పేషెంట్లు "కనుబొమల మధ్య గీతలు పోయినాయి, అక్కడ కూడా వెయ్యండి" అని అడిగితే గమనించినారు. ముడతలకి ఎఫ్‌డీఏ ఓకే చెప్పింది 2002లో. అంటే ముందు జబ్బుకి మందు, తర్వాత అందానికి. మీ అమ్మగారికి ఆ సంగతి చెప్పు మంగళం అన్నా.

మోతాదు సంగతి, కనుబొమల మధ్యకి 20 యూనిట్లు వేస్తారు. మనిషి ప్రాణానికి ముప్పు అయ్యేది ఇంచుమించు 3000 యూనిట్లు అని కోతుల లెక్కల మీద అంచనా. ఒక యూనిట్ అంటే ఎలకల గుంపులో సగం చచ్చే మోతాదు, అట్లా కొలుస్తారు. ఇంకోటి, బోటాక్స్ యూనిట్లు వేరు, ఇదే టాక్సిన్ ఇంకో బ్రాండు డిస్‌పోర్ట్ యూనిట్లు వేరు, అదే చోటికి డిస్‌పోర్ట్ అయితే 50. ఇది తెలీని చేతిలో సూది పెడితే ఎయిర్‌బైపాస్ అక్కకి అయినట్టే అవుతాది.

చంద్రగిరి_కోట:
ఈ థ్రెడ్ మా తమ్ముడు పంపించాడు. మాది చంద్రగిరి, పద్మావతి మహిళా యూనివర్సిటీలో బీఫార్మసీ చేశాను, ఇప్పుడు బెంగుళూరులో ఒక ల్యాబ్‌లో రక్తనాళాల మీద రీసెర్చ్. ముందే చెప్తున్నా, నేను పేషెంట్లకి వైద్యం చేసే డాక్టర్ని కాదు. కుట్టిన రక్తనాళం మళ్లీ ఎందుకు మూసుకుంటుంది అనేది నా పని. మా ల్యాబ్‌లోనే ఇంకో టీమ్ ఈ టాక్సిన్ మీద పనిచేస్తుంది, అందుకే రెండూ రోజూ చెవినపడతాయి.

మంగళం గారూ, మీ అమ్మగారి వేళ్లలో జరిగేది ఇది. వేలి ధమని గోడలో గుండ్రంగా కండ ఉంటుంది. చలి తగలగానే సానుభూతి నాడుల (మన ప్రమేయం లేకుండా పనిచేసే సింపథెటిక్ నరాల) చివర్ల నుంచి నార్‌అడ్రినలిన్ అనే రసాయనం వచ్చి ఆ కండని బిగిస్తుంది, అందరికీ బిగుస్తుంది, శరీరం వేడిని దాచుకోవడానికి. రేనోలో అది మరీ ఎక్కువగా బిగుసుకుని రక్తం దాదాపు ఆగిపోతుంది, అందుకే తెలుపు. ఉన్న రక్తంలో ఆక్సిజన్ అయిపోతే నీలం. తలుపు తెరుచుకుని రక్తం ఒక్కసారి దూకితే ఎరుపు, మంట. 1862లో మోరిస్ రేనో అనే ఫ్రెంచి డాక్టరు తన థీసిస్‌లో రాసింది ఇదే. వట్టి రేనో అయితే చాలామందికి చలిలో జాగ్రత్త పడితే సరిపోతుంది, కానీ స్క్లెరోడెర్మాలో నాళం లోపలి గోడే మందంగా అయిపోయి ఉంటుంది, దాని మీద ఈ బిగింపు కూడా తోడైతే పుండ్లు పడతాయి, మానవు.

ఇక బోటాక్స్. నాడి చివర చిన్న చిన్న సంచుల్లో రసాయనం ఉంటుంది, ఆ సంచి నాడి అంచుకి అతుక్కుని పగిలితేనే బయటికి వస్తుంది. అతుక్కోవడానికి కావాల్సిన ప్రోటీన్లలో స్నాప్-25 అనేది ఒకటి. టైప్-ఏ టాక్సిన్ దాన్ని కత్తిరించేస్తుంది. సంచి అక్కడే ఉంటుంది, రసాయనం ఉంటుంది, బయటికి రాదు. ముఖంలో అయితే కండ ముడుచుకోదు. అరచేతిలో వేళ్ల మొదళ్ల దగ్గర ధమనుల చుట్టూ వేస్తే నాళాన్ని బిగించే సిగ్నల్ తగ్గుతుందని ఆశ.

బైరాగిపట్టెడ_ఫార్మా:
అక్కా ఒక డౌటు, కొట్టొద్దు. బోటాక్స్ ఆపేది నాడులు వదిలే అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అని కదా చదువుకున్నాం. ఫార్మకాలజీ ల్యాబ్‌లో అసిటైల్‌కోలిన్ పోస్తే రక్తనాళం వదులవుతాది. మరి దాన్ని ఆపితే నాళం ఇంకా బిగుసుకోవాలి కదా? లెక్క తిరగబడుతోంది.

చంద్రగిరి_కోట:
కొట్టను, మంచి ప్రశ్న. మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్లలందరూ ఇక్కడే ఆగుతారు.

మా పని ఎట్లా ఉంటుందో చెప్తే అర్థమవుతుంది. ఎలుక బృహద్ధమనిని చల్లటి ఉప్పు ద్రావణంలో పెట్టి, మైక్రోస్కోపు కింద కొవ్వంతా సన్న కత్తెరతో తీసేసి, రెండు మూడు మిల్లీమీటర్ల ఉంగరాలుగా కోస్తాం. ఒక్కో ఉంగరంలోకి రెండు స్టీలు కొక్కేలు దూర్చి, 37 డిగ్రీల ద్రావణంలో వేలాడదీసి, ఆక్సిజన్ బుడగలు వదుల్తాం. పై కొక్కెం ఎంత లాగబడుతుందో కంప్యూటర్లో గీత వస్తుంది. ఫినైల్ఎఫ్రిన్ వేస్తే గీత పైకి లేస్తుంది, అంటే బిగిసింది. అప్పుడు అసిటైల్‌కోలిన్ వేస్తే గీత కిందికి జారుతుంది. కానీ కొక్కెం దూర్చేటప్పుడు లోపలి పొర గీసుకుపోయిందనుకో, ఎంత అసిటైల్‌కోలిన్ పోసినా గీత దిగదు. ఆ రోజు ఆ ఉంగరం డస్ట్‌బిన్‌కే. ఫర్చ్‌గాట్ 1980లో కనిపెట్టింది ఇదే, వదులు చేసేది లోపలి పొర అని. ఆ పొర వదిలే పదార్థం నైట్రిక్ ఆక్సైడ్ అని తర్వాత తేలింది, ఆయనకీ ఇగ్నారోకీ మురాద్‌కీ 1998లో నోబెల్ వచ్చింది.

ఇప్పుడు నీ డౌటు. గిన్నెలో అసిటైల్‌కోలిన్ పోసేది మనం. వేలి ధమనిలో లోపలి పొరని పనిచేయించేది ప్రధానంగా రక్తం ఒరుసుకుంటూ పోయే ఒత్తిడి, నాడులు కాదు. బయట నుంచి వచ్చే నాడులు ఎక్కువగా నార్‌అడ్రినలిన్‌వి, వాటి పని బిగించడమే. ఆ సంచులు పగలడానికి కూడా స్నాప్-25 లాంటి ప్రోటీన్లే కావాలి. అంటే టాక్సిన్‌కి అసిటైల్‌కోలిన్ ఒక్కటే శత్రువు కాదు, నోట్సులో అట్లా రాసుకుంటాం అంతే. వేలి నాళంలో అది ఆపేది బిగింపుని.

బైరాగిపట్టెడ_ఫార్మా:
ఇదిప్పుడు ఎక్కింది. మా సార్లు కొక్కెం సంగతి చెప్పనేలా.

తిరుచానూరు_రోడ్డు:
రక్తనాళం కుట్టడం అని చూసి వచ్చినాను. మా నాయన తిరుపతి స్విమ్స్ ఆస్పత్రిలో డయాలసిస్ చేయించుకుంటా ఉన్నారు, ఎడమచేతి మణికట్టు దగ్గర ఫిస్టులా పెట్టినారు. చెయ్యి పెడితే లోపల పిల్లి గుర్రుమన్నట్టు తెలుస్తాది, ఆ గుర్రు ఆగితే వెంటనే రమ్మన్నారు, మా అమ్మ పొద్దున లేచి దేవుడికి దీపం పెట్టకముందే ఆయన చెయ్యి పట్టుకోని చూస్తాది. మేడం, దాన్ని అసలు ఎట్లా కుడతారు, ఎందుకు మూసుకుంటాది?

చంద్రగిరి_కోట:
అమ్మగారు చేసేది చాలా సరైన పని అన్నా. ఆ చేతికి బీపీ చూడనియ్యొద్దు, ఆ చేతి నుంచి రక్తం తీయనియ్యొద్దు, ఆ చెయ్యి కింద పెట్టుకుని పడుకోవద్దు.

కుట్టడం వెనక ఒక కథ ఉంది. 1894లో ఫ్రాన్సు అధ్యక్షుడు సాదీ కార్నోని లియోన్ ఊళ్లో కత్తితో పొడిచారు, కాలేయానికి పోయే పెద్ద సిర తెగింది. అప్పట్లో తెగిన పెద్ద నాళాన్ని నమ్మకంగా కుట్టే పద్ధతే లేదు, ఆయన చనిపోయాడు. అదే ఊళ్లో అలెక్సిస్ కారెల్ అని కుర్ర డాక్టరు, ఇది ఎందుకు కుట్టలేం అని పట్టుబట్టి, ఎంబ్రాయిడరీ చేసే ఆవిడ దగ్గర సన్న సూది, సన్న దారం పని నేర్చుకున్నాడు. గుండ్రటి నాళం అంచుకి మూడు చోట్ల కుట్టు వేసి లాగితే అది త్రికోణం అవుతుంది, ఇంక ఒక్కో పక్క తిన్నగా కుట్టుకుంటూ పోవచ్చు, అవతలి గోడకి సూది గుచ్చుకోదు. 1912లో నోబెల్ ఇచ్చారు. మీ నాయనకి చేసిన పని, ధమనిని సిరకి కలపడం, 1966లో బ్రెషియా, చిమినో బృందం న్యూయార్క్‌లో రాసిన పద్ధతి. సిరలోకి ధమని ఒత్తిడి వచ్చి అది ఉబ్బి గట్టిపడుతుంది, అప్పుడు డయాలసిస్ సూది వారానికి రెండు మూడు సార్లు గుచ్చినా తట్టుకుంటుంది.

మూసుకోవడం సంగతి మా అందరి తలనొప్పి. వెంటనే మూసుకుంటే రక్తం గడ్డ కట్టడం. నెలల తర్వాత మూసుకుంటే వేరే. సిర పుట్టింది నెమ్మదిగా పారే రక్తం కోసం, దాన్ని ధమని ఒత్తిడికి కట్టేస్తే గోడలోని కండకణాలు గాయమైంది అనుకుని లోపలికి పెరగడం మొదలుపెడతాయి, దారి ఇరుకవుతుంది. గుండె బైపాస్‌కి కాలి సిర వాడినా ఇదే, పదేళ్లకి దాదాపు సగం మూసుకుపోతాయి. కొత్తగా ఆశ పుట్టించేది, మనిషి కండకణాలతో గొట్టం పెంచి, తర్వాత ఆ కణాల్ని కడిగేసి వట్టి అల్లికని మిగిల్చేది. లారా నిక్లాసన్ అనే ఆవిడ 1999లో పంది కణాలతో ధమని పెంచి చూపించింది, అక్కడి నుంచి మనిషికి వాడే సరుకు అవ్వడానికి 2024 డిసెంబరు దాకా పట్టింది, అది కూడా ప్రస్తుతానికి చేతుల్లో కాళ్లలో ధమని దెబ్బతిన్న గాయాల్లో రక్తప్రసారం తిరిగి తేవడానికే ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. పాతికేళ్లు! మా పేరెంట్స్ "నీ పీహెచ్‌డీ ఎప్పుడైపోతుంది" అని అడిగినప్పుడల్లా ఈవిడ పేరు చెప్తా.

బోటాక్స్‌కీ దీనికీ లింకు ఏమిటంటే, సన్న నాళం కుట్టగానే అది భయపడి బిగుసుకుంటుంది. సర్జన్లు దాని మీద పాపావరిన్ చుక్కలు వేస్తారు, కాసేపు వదులవుతుంది. టాక్సిన్ ముందే ఇచ్చి ఉంచితే ఆ బిగింపు రోజుల తరబడి రాకుండా ఉంటుందా అని ఎలుకల్లో చూశారు, కొన్నిట్లో కుట్టిన చర్మం ముక్క బాగా బతికింది. ఎలుకలో అయింది మనిషిలో అవుతుందని రాసివ్వలేం.

మంగళం_బస్టాపు:
మేడం చాలా థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. సూటిగా అడుగుతా, మా అమ్మకి వేయించొచ్చా వద్దా?

చంద్రగిరి_కోట:
అది నేను చెప్పకూడదు, మీ డాక్టరు చెప్పాలి. కానీ తీసుకుపోడానికి నాలుగు మాటలు ఇస్తా. రేనోకి బోటాక్స్ ఎఫ్‌డీఏ ఒప్పుకున్న వాడకం కాదు, డాక్టర్లు తమ అనుభవం మీద వాడతారు. చిన్న చిన్న రిపోర్టుల్లో నొప్పి తగ్గింది, పుండు మానింది అని చాలామంది రాశారు. కానీ 2017లో స్క్లెరోడెర్మా ఉన్న 40 మందికి ఒక చేతిలో బోటాక్స్, ఇంకో చేతిలో వట్టి సెలైన్ వేసి, ఏది ఎందులో అనేది వాళ్లకీ కొలిచేవాళ్లకీ తెలీకుండా చూస్తే, రక్తప్రవాహం మెషీన్ కొలతలో బోటాక్స్ చెయ్యి గెలవలేదు. పేషెంట్లు చెప్పిన కొన్ని విషయాల్లో కాస్త మెరుగు కనపడింది. ఇది విని నీరుగారిపోవద్దు, ఊరికే ఎగరొద్దు కూడా. మందులు పడని, పుండు మానని వాళ్లలో ఒక ప్రయత్నంగా చూస్తారు.

అడగండి: రక్తనాళాల్ని వదులు చేసే సిల్డెనాఫిల్ మాత్ర మా అమ్మకి కుదురుతుందా, అవసరమైతే ఆస్పత్రిలో చేరి అదే పనిచేసే ఐలోప్రాస్ట్ డ్రిప్ పెట్టే వీలుందా, ఈ రెండూ చూశాకే బోటాక్సా. వేస్తే కొన్ని వారాలు పట్టు సడలొచ్చు, గిన్నె జారొచ్చు, ఆ సంగతి ముందే చెప్పించుకోండి. ప్రభావం మూడు నాలుగు నెలలు, తర్వాత నాడి చివర్లు కోలుకుంటాయి, మళ్లీ వెయ్యాలి, ఖర్చు లెక్క వేసుకోండి. ఇంకోటి, మైగ్రేన్‌కనో గుండెదడకనో ప్రొప్రనలాల్ లాంటి మాత్ర వాడుతున్నారా? అది వేళ్లని ఇంకా బిగిస్తుంది. ఇంట్లో ఎవరైనా బీడీ, సిగరెట్ తాగుతుంటే బయటికి పంపండి. వేపాకు పసుపు గట్టిగా కట్టొద్దు కరకంబాడి మామా, రక్తం సరిగా అందని వేలికి బిగించి కడితే వచ్చే కాస్త రక్తం కూడా అందదు.

మంగళం_బస్టాపు:
ప్రొప్రనలాల్!! తలనొప్పికని రేణిగుంటలో ఒక డాక్టరు ఎప్పుడో రాసిచ్చింది ఇంకా వాడతా ఉంది. వేలూరు ఫైల్లో ఆ మాత్ర పేరు రాయించనే లేదు అమ్మ.

చంద్రగిరి_కోట:
సొంతంగా ఒక్కసారిగా ఆపొద్దు, గుండె వేగం పెరగొచ్చు. రేపే ఫోన్ చేసి చెప్పండి, ఎట్లా తగ్గించాలో వాళ్లు చెప్తారు.

కరకంబాడి_మామ:
వదులుగా కట్టమనే చెప్పినా.

ఎయిర్‌బైపాస్_రోడ్డు:
అక్కా నాది కూడా ఒకటి. నాకు తెలిసినామె పెదాలకి ఫిల్లర్ వేయించుకుంటే వెంటనే పై పెదవి పాలిపోయి, వల మాదిరి నీలం గీతలు వచ్చినాయంట. అదీ బోటాక్సేనా?

చంద్రగిరి_కోట:
కాదు, ఇది రెండూ కలిపేసుకునే చోటు. బోటాక్స్ నాడిని నిద్రపుచ్చుతుంది. ఫిల్లర్ అనేది ఎక్కువగా హయలురానిక్ యాసిడ్ జెల్, లోపల నింపేది. ఆ జెల్ పొరపాటున ధమనిలోకి పోతే రక్తం దారి మూసుకుంటుంది, మీరు చెప్పిన పాలిపోవడం, వల గీతలు, విపరీతమైన నొప్పి దాని గుర్తులే. ముక్కు, కనుబొమల మధ్య వేసేటప్పుడు కంటి ధమనిలోకి పోయి చూపు పోయిన కేసులున్నాయి. విరుగుడు హయలురానిడేజ్ ఇంజెక్షన్, జెల్‌ని కరిగిస్తుంది, ఎంత తొందరగా ఇస్తే అంత మేలు. ఫిల్లర్ వేసే చోట ఆ సీసా ఫ్రిజ్‌లో ఉందా అని అడగండి, ముఖం చిట్లిస్తే లేచి వచ్చేయండి. బోటాక్స్‌కి మాత్రం అట్లా కరిగించే విరుగుడు లేదు, లోపలికి పోయింది దానంతట అదే తగ్గాలి, మీ రెప్ప తగ్గినట్టు. మింగడం కష్టమైనా, మాట ముద్దగా వచ్చినా, ఊపిరి ఆడకపోయినా సరాసరి ఎమర్జెన్సీకి. అమెరికాలో 2024లో నకిలీ బోటాక్స్ వేయించుకుని కొంతమంది ఆస్పత్రుల్లో చేరారు, సీసా, లాట్ నంబరు చూపించమనడం మర్యాద తక్కువ పనేం కాదు.

పీలేరు_కుర్రోడు:
అందరూ పెద్ద జబ్బులు మాట్లాడతా ఉంటే నాది చిన్నది. నా అరచేతులు ఎప్పుడూ చెమట, పరీక్ష పేపరు తడిసిపోతాది, ఎవరికన్నా షేక్‌హ్యాండ్ ఇయ్యాలంటే భయం. దీనికి బోటాక్స్ వేస్తారని విన్నా, నిజమా?

బైరాగిపట్టెడ_ఫార్మా:
నిజమే తమ్ముడూ, చంకల చెమటకి 2004లోనే ఎఫ్‌డీఏ ఒప్పుకుంది, ఒక్కో చంకకి 50 యూనిట్లు. చెమట గ్రంథికి పోయే నాడి అసిటైల్‌కోలిన్‌దే, అక్కడ నోట్సు కరెక్టే. అరచేతికి కూడా వేస్తారు కానీ అది ఒప్పుకున్న వాడకం కాదు, చాలా సూదులు పడతాయి, నొప్పి ఎక్కువ, కొన్నాళ్లు పెన్ను గట్టిగా పట్టుకోడం కష్టం కావచ్చు. పరీక్షల ముందర మాత్రం వద్దు. ముందు అల్యూమినియం క్లోరైడ్ లోషన్ రాత్రిపూట రాసి చూడు, అది కాకపోతే నీళ్ల తొట్టిలో చేతులు పెట్టి చిన్న కరెంటు పంపే అయాంటోఫోరిసిస్ అని ఉంటాది, చర్మం డాక్టర్ని అడుగు.

పీలేరు_కుర్రోడు:
కరెంటు అంటే షాక్ కొట్టదా అన్నా?

బైరాగిపట్టెడ_ఫార్మా:
జివ్వుమంటాది అంతే. చేతికి ఉంగరం, దారం ఉంటే తీసేసి పెట్టాలి.

మంగళం_బస్టాపు:
అప్‌డేట్. వేలూరుకి ఫోన్ చేసినాం, ప్రొప్రనలాల్ నెమ్మదిగా తగ్గించే షెడ్యూలు వాట్సాప్‌లో పంపినారు, తలనొప్పికి వేరే మాత్ర రాసినారు. బోటాక్స్ ఇప్పుడే వద్దు, వచ్చే నెల చూసి పుండు ఇట్లానే ఉంటే సిల్డెనాఫిల్ మొదలుపెట్టి, దానికీ లొంగకపోతే అప్పుడు మాట్లాడదాం అన్నారు. అమ్మకి ముడతల మందు కాదు మెల్లకన్ను మందు అని చెప్పినా, "నా కండ్లు బాగానే ఉండాయి కదా" అనింది.